డెబ్బైకి ఆరేళ్ళు తక్కువ

ఏలియా వయసులో ఆరేళ్ళు హైస్కూల్లోనే ఉండిపోయాయని కార్డుల కౌంటరులో అమ్మాయి చెబుతుంది. చెప్పి, చల్లారిన టీ ఒక గుక్క తాగుతుంది.

సువార్తమ్మకి ఆశ్చర్యమేమీ కలగదు. మొగుడి వయసు ఎక్కడుందో తెలిసింది, అంతే చాలు. కౌంటరు అద్దానికున్న గుండ్రటి కంతకి నోరు ఆనించి, "ఏ హైస్కూలు తల్లీ?" అని అడుగుతుంది.

"మీ మండలం హైస్కూలే మామ్మగారూ. అక్కడేగా ఆధార్‌కి వేలిముద్రలు వేశారు? తాతగారికి డెబ్బై నిండాయి, మేం కాదనట్లేదు. కానీ కార్డు మీదకి అరవై నాలుగే వచ్చాయి. మిగతా ఆరూ తెచ్చుకోండి, పెద్దల కార్డు ఇచ్చేస్తాం."

ఆ అమ్మాయి పేరు ప్రసూన. ఈ బెజవాడ పెద్దాసుపత్రిలో ఎవరికి ఏ కార్డు వస్తుందో చెప్పడం ఆమె ఉద్యోగం. మంచి పిల్ల, ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. పొద్దుటినించీ ఆపకుండా నవ్వుతూ ఉండటం వల్ల ఆ నవ్వు మూతి మీంచి జరిగి జరిగి ఎడమ చెవి దగ్గరికి చేరింది. అక్కడ కూడా బాగానే ఉంది.

ఏలియా వెనకాల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. దివిసీమలో పెళ్ళి ఊరేగింపంటే ఒకప్పుడు ఏలియా క్లారినెట్టే. పల్లకీ ముందు నిలబడి ఊదితే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేది. ఇప్పుడు ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఆగి ఊపిరి వెతుక్కుంటున్నాడు. గుండెలో వాల్వు చెడింది.

డాక్టరు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. సాయంత్రం కౌంటరు మూసేలోపు కార్డు చూపిస్తే ఆపరేషను, లేదంటే ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. ఇంటికి తీసుకెళ్ళమనడమంటే ఏమిటో సువార్తమ్మకి తెలుసు. వాళ్ళ పేటలో అలా తీసుకొచ్చినవాళ్ళెవరూ మళ్ళీ తమ కాళ్ళ మీద గుమ్మం దాటలేదు.

కార్డుల సంగతి ఎవరికీ ఓ పట్టాన అర్థం కాదు కాబట్టి నిదానంగా చెప్పుకోవాలి. మొదటి కౌంటరులో ఇచ్చేది రేషను కార్డున్న కుటుంబానికి వచ్చే కార్డు. వీళ్ళకి ఆ రేషను కార్డు ఉండేది, పోయింది. ఎందుకు పోయిందంటే, బ్యాండు మేళం వాళ్ళ పాత వ్యాను ఏలియా పేరున ఉంది. ఆ వ్యాను తుక్కు కిందకి పోయి చాలా కాలమైంది గానీ కంప్యూటర్లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అక్కడి ఉద్యోగి పొద్దున స్క్రీను ఇటు తిప్పి చూపించాడు కూడా. వ్యాను పామర్రు దగ్గర ఆగి డీజిలు కొట్టించుకుంటోంది, లోపల ఎవరో డ్రమ్ము వాయిస్తున్నారు. "బండున్న ఆసామికి బీదల కార్డు ఎట్లా ఇస్తామమ్మా?" అన్నాడాయన. నిజమే, ఎలా ఇస్తారు!

రెండో బల్ల దగ్గర డబ్బు కట్టి కొనుక్కునే బీమా. టై కట్టుకున్న మనిషి ఏలియాని ఎగాదిగా చూసి, ఇంత పెద్దవాళ్ళని మేం తీసుకోం అన్నాడు. అక్కణ్ణించి కాస్త ముందుకొస్తే పెద్దల కార్డు కౌంటరు. అక్కడ ఇంత చిన్నవాళ్ళకి ఇవ్వం అంటున్నారు. ఆ కాస్త దూరంలోనే ఏలియా జుట్టు తెల్లబడి మళ్ళీ నల్లబడింది. పక్కనున్నవాళ్ళు చూశారు, కానీ వాళ్ళ జుట్టూ అదే పని చేస్తోంది కాబట్టి ఏమీ అనలేదు.

పెద్దల కార్డు మాత్రం బంగారం లాంటి కార్డు. డెబ్బై నిండితే చాలు. బీదా గొప్పా చూడరు, రేషను కార్డు అడగరు, వ్యాను సంగతి ఎత్తరు. ఒకటే పేచీ. డెబ్బై నిండినట్టు మనిషిని చూసి నమ్మరు, ఆధార్‌ని చూసి నమ్ముతారు.

"మీకైతే ఇప్పుడే ఇచ్చేస్తాను మామ్మగారూ. మీకు డెబ్బై మూడు," అంటుంది ప్రసూన.

"నాకా? ఆయనకంటే నాలుగేళ్ళు చిన్నదాన్నమ్మా నేను."

"ఆధార్‌లో మీరే తొమ్మిదేళ్ళు పెద్ద."

"అయినా నాకు జబ్బేం లేదే."

"అందుకే మీకు తొందరగా వస్తుందండీ."



ఈ వయసుల తారుమారు ఆధార్ రోజున జరిగిన పొరపాటు. ఆ సాయంత్రం నాగాయలంకలో పెళ్ళి ఊరేగింపు ఉందని ఏలియా జుట్టుకీ మీసానికీ నిగనిగలాడేలా రంగు వేసుకుని కూర్చున్నాడు. ముసలి మేళాన్ని ఎవరు పిలుస్తారు మరి! సువార్తమ్మ నాట్లలోంచి నేరుగా వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో, ఎండకి కమిలిన మొహంతో. పుట్టిన తేదీ ఇద్దరికీ తెలియదు. మిషను దగ్గర కూర్చున్న ఆపరేటరు మొహాలు చూసి ఏళ్ళు వేశాడు, తేదీ మాత్రం అందరికీ జనవరి ఒకటి. ఇప్పుడు ఈ కారిడార్లో కూర్చున్న ముసలివాళ్ళందరూ జనవరి ఒకటినే పుట్టారు. దేశంలో ఆ ఒక్కరోజు మంత్రసానులకి తల ప్రాణం తోకకొచ్చి ఉంటుంది.

సువార్తమ్మ చెంగు బొడ్లో దోపుకుంటుంది.

"ఎక్కడికే?" అంటాడు ఏలియా.

"నీ ఆరేళ్ళు తేవడానికి."

"బరువేమో. నువ్వొక్కదానివే... మొయ్యమాక."

"నువ్వు నోర్మూసుకుని కూర్చో. మాట్లాడితే ఆయాసం."

ఏలియా నోరు మూసుకుని కూర్చుంటాడు. ఆయన పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. తినలేదని ఆమెకి తెలుసు.

బెజవాడ నించి బస్సు తొందరగానే వెళుతుంది. దారిలో ఉయ్యూరు ఇవాళ లేదు. ఉయ్యూరు ఉండాల్సిన చోట ఒక పొడుగాటి గోడ ఉంది, దాని మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. సువార్తమ్మ ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటుంది. ప్రభువా, అంటుంది. తర్వాత మాట ఎంత వెతికినా దొరకదు. ఏడుద్దామని చూస్తుంది, అదీ రాదు. ఒంట్లో ఎవరో దీపాలన్నీ ఆర్పేసి తలుపు దగ్గరగా వేసి వెళ్ళినట్టుంది.

హైస్కూల్లో ఆధార్ క్యాంపు ఇంకా జరుగుతూనే ఉంది. తొమ్మిదో తరగతి గదిలో అదే మిషను, అదే తెల్ల గుడ్డ, అదే ఆపరేటరు. ఆయన చొక్కా కూడా అప్పటిదే, కాకపోతే దాని మీది గీతలు వెలిసిపోయి గోడ మీదకి ఎక్కాయి. బయట వరసలో జనం నిలబడి ఉన్నారు. వరసలో ముందుకి జరిగేకొద్దీ వాళ్ళ మొహాలు పల్చబడుతున్నాయి.

"ఇంకా అవ్వలేదా నాయనా ఈ పని?" అంటుంది సువార్తమ్మ.

"అయిపోయిందని ఎవరూ చెప్పలేదమ్మా," అంటాడాయన, మిషను మీంచి తల ఎత్తకుండా. "మిమ్మల్ని గుర్తుపట్టా. బురద కాళ్ళు. ఆయన సోకు మీసం."

"ఆయనకి ఆరేళ్ళు తగ్గించావు."

"ఆయన నవ్వాడమ్మా. వయసెంత తాతా అంటే, నువ్వే వేసుకో అల్లుడా అని నవ్వాడు. నవ్వినవాళ్ళకి తగ్గించా."

"మరి నాకు పెంచావే?"

"మీరు నవ్వలేదుగా."

అంత పద్ధతిగా చెబితే ఎవరు మాత్రం పోట్లాడతారు? సువార్తమ్మ కోపం తెచ్చుకోవాలనుకుంటుంది. కోపం దాకా వెళ్ళడానికి దారి కనిపించదు.

తీసేసిన ఏళ్ళన్నీ సైన్సు ల్యాబులో ఉన్నాయంటాడు ఆపరేటరు. సువార్తమ్మ వెళ్ళి చూస్తుంది. బల్లల మీదా బల్లల కిందా మూటలు, ఒకదాని మీద ఒకటి. కొన్ని పాత చీరల్లో కట్టి ఉన్నాయి, కొన్ని పంచెల్లో. కొన్ని మూటలు అడుగున నలిగి చెమ్మగిల్లాయి. ఒక మూల మూట సన్నగా దగ్గుతోంది. దాని తాలూకు మనిషి రాలేదో, రాలేక పోయాడో.

ఏలియా మూటని పేరు చూసి పట్టుకోదు, ఆమెకి చదువు రాదు. నిద్రలో ఏలియా ముక్కుతో చేసే చప్పుడు ఒకటుంది, పొంగొచ్చే పాల మీద ఊదినట్టు. ఆ చప్పుడు కిటికీ కింద మూటలోంచి వస్తోంది. గళ్ళ దుప్పటి మూట. తీసి చంకనేసుకుంటే వెచ్చగా ఉంది.

"ఏ ఆరేళ్ళు తీశావయ్యా?" అని అడుగుతుంది తలుపు దగ్గర ఆగి.

"మొదటివి. చివర్లోవి తీస్తే మనిషికి తెలిసిపోద్దమ్మా. మొదట్లోవి ఎవరికీ గుర్తుండవు."

అంటే ఈ మూటలో ఉన్నది ఏలియా పుట్టిన దగ్గర్నించీ ఆరేళ్ళు. సువార్తమ్మ చూడని ఏలియా. ఆమె కాపురానికి వచ్చేసరికే ఆయనకి మీసాలూ క్లారినెట్టూ ఉన్నాయి. మూట ముడి దగ్గర ఆముదం వాసన, గంజి వాసన. విప్పి చూడాలని ఒక్క క్షణం చెయ్యి లాగుతుంది. మొగుడిదైనా సరే, ఒకరి చిన్నతనం వాళ్ళు లేకుండా విప్పడం మర్యాద కాదని ఊరుకుంటుంది.

బస్సులో కండక్టరు వస్తాడు. సువార్తమ్మ తన ఆధార్ చూపిస్తుంది, ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా. కండక్టరు మూట వైపు చూస్తాడు.

"లగేజీయా, మనిషా?"

"వయసు నాయనా. మా ఆయనది."

"మగవాళ్ళ వయసుకి టికెట్టు కొట్టాలమ్మా."

"పసివాడి వయసయ్యా. పిల్లలకి టికెట్టేంటి?"

"ఎన్నేళ్ళు?"

"ఆరు."

"ఐదు దాటాయిగా మరి. హాఫ్ కొడతా."

ధర్మంగానే ఉంది. మూటని ఒళ్ళో పెట్టుకుని టికెట్టు దాని ముడిలో దోపుతుంది. మూట లోపల ఏదో ఒత్తిగిల్లి, ఆమె పొట్టకి ఆనుకుని, కదలడం మానేస్తుంది. కిటికీలోంచి ఎండ పడుతుంటే చెంగు తీసి మూట మీద కప్పుతుంది. ఎందుకు కప్పిందో ఆమెకే తెలియదు.

తిరిగి వచ్చేసరికి ఆసుపత్రి కారిడారు బాగా సాగింది. పొద్దున అటు చివర కనిపించిన నీళ్ళ కూలరు ఇప్పుడు చుక్కంత ఉంది. సువార్తమ్మ మూట ఎత్తుకుని నడుస్తూనే ఉంటుంది. ఎదురొచ్చే వాళ్ళందరూ ముందు చిన్నగా కనిపించి, దగ్గరికొచ్చాక కూడా చిన్నగానే దాటిపోతున్నారు.

ఏలియా బల్ల మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. ఆయన ఊపిరి ఇప్పుడు ఆయనలోంచి కాక బల్ల కిందనించి వినిపిస్తోంది. భుజం తట్టి లేపితే కళ్ళు తెరుస్తాడు.

"తెచ్చావా?"

"తెచ్చా. ఇంకాసేపు ఓపిక పట్టవయ్యా. నీకు పుణ్యముంటుంది."

"అలాగే," అంటాడు ఏలియా, ఆ పని తన చేతిలో ఉన్నట్టు.

ప్రసూన కౌంటరు షట్టరు సగం దించి ఉంది. మూటని చూసి ఆ చెవి దగ్గరి నవ్వు వెలుగుతుంది. లోపలికి తీసుకుని, అద్దం కింద తిప్పి చూసి, "ఆరూ ఉన్నాయి. ఒక్క రోజు కూడా తగ్గలేదు," అంటుంది. సువార్తమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. పీల్చుకున్నది వదిలేలోపే ప్రసూన మళ్ళీ మాట్లాడుతుంది.

"ఎక్కించడానికి మాత్రం ఒక సాక్షి కావాలి మామ్మగారూ. ఈ ఆరేళ్ళూ ఈయనవేనని, అప్పుడు పక్కనున్న మనిషి చెప్పాలి."

"పుట్టినప్పుడు పక్కన ఎవరుంటారమ్మా? వాళ్ళమ్మ ఉంటది."

"అయితే ఆవిణ్ణి రమ్మనండి."

"ఆవిడ ఎప్పుడో పోయింది తల్లీ. ఆయనకి ఊహ రాకముందే. మొహం ఎట్లా ఉంటదో ఆయనకే తెలవదు, ఫొటో కూడా లేదు."

ప్రసూన కంప్యూటరులో వెతుకుతుంది. ఆమెకి నిజంగా జాలిగానే ఉంది, వేళ్ళు నెమ్మదిగా కొడుతున్నాయి. బయట సాయంత్రం ఎండ కారిడార్లోకి వచ్చి, వరసలో నిలబడి, తన వంతు కోసం చూస్తోంది.

"ఈయన తరఫున ఈయనకంటే పెద్దవాళ్ళు ఒక్కరే చూపిస్తోందండీ. మీరే. తొమ్మిదేళ్ళు పెద్ద. మీరు చూసే ఉంటారు."

"చూశానని చెబితే అయిపోద్దా?"

"ఏ వరసలో చూశారో చెప్పాలి. ఇక్కడ రెండే ఉన్నాయి. తల్లి, తండ్రి."

"భార్య అని లేదా?"

"భార్య అప్పటికి లేరు కదండీ."

సువార్తమ్మ అద్దంలో తన మొహం చూసుకుంటుంది. డెబ్బై మూడేళ్ళు అంటే నమ్మేలాగే ఉంది.

"తొమ్మిదేళ్ళ పిల్ల బిడ్డని కంటదా అమ్మా?"

"కంప్యూటరు ఆ మాట అడగట్లేదు మామ్మగారూ. అడగనివి మనం చెప్పకూడదు."

వెనక్కి తిరిగి చూస్తే ఏలియా కళ్ళు సగం మూసి ఉన్నాయి. పొద్దుటినించీ ఒక్కసారి కూడా వేయని భయం ఇప్పుడు వేస్తుంది సువార్తమ్మకి. కాళ్ళలోంచి మొదలై గొంతు దాకా వస్తుంది. ఈ మనిషి లేకుండా ఆ ఇంట్లో పొద్దున్నే లేచి ఎవరిని తిట్టాలి, ఎవరికి నీళ్ళు తోడాలి! ఈ మనిషి బతకాలి. ఇంకేమీ అక్కర్లేదు, బతికితే చాలు. ఆ భయం కాసేపు గొంతులో నిలబడి, చోటు చాలక అదీ వెళ్ళిపోతుంది.

"తల్లి అని రాస్తే మా కాపురం ఏమయిద్దమ్మా?"

"పెండింగులో ఉంటుందండీ."

"ఎన్నాళ్ళు?"

"దాని గురించి పైనించి ఇంకా ఏమీ రాలేదు."

"సరే, రాయి. నేనే కన్నాను," అంటుంది సువార్తమ్మ. మిషను మీద వేలు పెడుతుంది. ఎప్పుడూ ఒక పట్టాన పడని వేలిముద్ర మొదటిసారికే పడుతుంది.

మూట ముడి దానంతటదే ఊడుతుంది. ఆరేళ్ళూ కౌంటరు మీంచి నేల మీదకి దిగి, పాకుతూ వెళ్ళి, ఏలియా మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడి, ఒళ్ళోకి ఎక్కుతాయి. ఏలియా వాటిని రెండు చేతులా పొదివి పట్టుకుంటాడు. నల్లరంగు మిగిలిన నాలుగు వెంట్రుకలూ మొదళ్ళనించి తెల్లబడతాయి. కౌంటరు లోపల కార్డు టక్కున బయటికి వస్తుంది.

ఏలియా తలెత్తి ఆమె వైపు చూస్తాడు. ఆమె కాపురం చేసిన ఏలియా ఎప్పుడూ ముందు ఆమె చేతుల్లో ఏముందో చూసి, తర్వాత మొహం చూసేవాడు. ఇప్పుడు నేరుగా మొహంలోకే చూస్తున్నాడు.

"అమ్మా, దాహం," అంటాడు.

ఆయాసంలో అమ్మా అనడం వేరు, పిలవడం వేరు. ఇది పిలవడమే. సువార్తమ్మకి ఏదో అనిపించాలి. అనిపిస్తుందేమోనని కాసేపు ఆగి చూస్తుంది.

"వస్తున్నా నాన్నా," అంటుంది. ఆ మాట ఆమెని అడక్కుండానే బయటికి వచ్చేస్తుంది.

నీళ్ళు పట్టుకొచ్చేసరికి వాళ్ళ కాపురం ఆమె ఒంటి మీంచి దిగి బల్ల చివర కూర్చుని ఉంటుంది. దాన్ని విడిగా చూడటం ఆమెకి ఇదే మొదలు. తను అనుకున్నంత పెద్దదేం కాదు. చామనఛాయగా, బక్కగా ఉంది. చేతులు మాత్రం పనికి బండబారి మనిషి చేతులకంటే పెద్దగా ఉన్నాయి. ఎవరూ తోడు రాని పేషెంటు కూర్చున్నట్టు ఒద్దికగా కూర్చుంది.

"నన్నేం చెయ్యమంటావు?" అని అడుగుతుంది అది.

సువార్తమ్మ ఆలోచిస్తుంది. బొడ్లోంచి ఇంటి తాళంచెవి తీసి దాని చేతిలో పెడుతుంది.

"ఇంటికెళ్ళు. చీకటి పడకముందే కోళ్ళని గంప కింద కమ్ము. పొయ్యి మీద చేపల పులుసుంది, వేడి చెయ్యకపోతే పాడైపోద్ది."

"వేడి చేసి ఎవరికి పెట్టను?"

సువార్తమ్మ నీళ్ళు ఏలియా నోటికి అందిస్తుంది. కాపురం రెట్టించదు, ఏనాడూ రెట్టించింది కాదు. లేచి, బల్ల మీద తను కూర్చున్న చోటు చేత్తో తుడిచి, సాగిన కారిడార్లోంచి నడుచుకుంటూ వెళుతుంది. చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని పిలిచి బస్సు ఉచితమని చెప్పాలనుకుంటుంది సువార్తమ్మ. దానికి ఆధార్ లేదని గుర్తొచ్చి ఊరుకుంటుంది.

తర్వాత పనులన్నీ చకచకా జరుగుతాయి. ఏలియాని మంచం మీద పడుకోబెట్టి, కార్డు గుండెల మీద పెట్టి, నర్సు ఫొటో తీసి పైకి పంపుతుంది. ఫొటో వెళ్ళిన దారినే అనుమతి తిరిగొస్తుంది. "అదృష్టవంతులండీ, ఇంత త్వరగా ఎవరికీ రాదు," అంటుంది నర్సు. సువార్తమ్మ తల ఊపుతుంది.

చక్రాల మంచం తోసుకెళుతుంటే ఏలియా ఆమె చిటికెనవేలు పట్టుకుని వదలడు. పట్టు గట్టిగా ఉంది, పొద్దుటి ఏలియా పట్టు కాదు. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు ఒక్కొక్క వేలూ విడదీస్తుంది.

"అమ్మ ఇక్కడే ఉంటుంది నాన్నా. ఎక్కడికీ పోదు," అంటుంది నర్సు ఆయనతో.

"పోవుగా?" అంటాడు ఏలియా ఆమె వైపు చూసి.

"పోను," అంటుంది సువార్తమ్మ.

తలుపు మూసుకుంటుంది. పైన ఎర్ర బల్బు వెలుగుతుంది. సువార్తమ్మ గోడకి ఆనుకుని, కాళ్ళు చాపి నేల మీద కూర్చుంటుంది. పక్కన ఒక ముసలమ్మ తన వాళ్ళ కోసం ఎదురుచూస్తూ జంతికలు నములుతోంది. అవతల ఇంకా చాలామంది ముసలివాళ్ళున్నారు.

కాసేపటికి రొమ్ములు బరువెక్కుతున్నట్టు తెలుస్తుంది. సువార్తమ్మకి పిల్లలు పుట్టలేదు. ఈ బరువు గురించి పేటలో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే వినడమే గానీ, ఎలా ఉంటుందో తెలియదు. నొప్పిగానే ఉంది. నొప్పి అని అనుకున్నంత నొప్పిగా లేదు.

జాకెట్టు తడుస్తుంది, తర్వాత పైట తడుస్తుంది. పాలు ఒళ్ళోంచి నేల మీదకి జారి, పలకల సందుల్లోంచి తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి, ఆపరేషన్ గది తలుపు కిందనించి లోపలికి పోతున్నాయి. ఇటు వైపు వచ్చినవి కారిడారంతా పరుచుకుంటున్నాయి. బల్లల మీది ముసలివాళ్ళు చెప్పులు తడవకుండా కాళ్ళు పైకి పెట్టుకుంటారు.

లోపలినించి ఏడుపు వినిపిస్తుంది. ఏలియాదే. మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఊపిరి వెతుక్కోకుండా, ఆసుపత్రి అద్దాలన్నీ అదిరిపోయేలా ఒక్క గుక్కన ఏడుస్తున్నాడు. సువార్తమ్మ కళ్ళు మూసుకుని ఆ గుక్క ఎంత పొడుగుందో వింటుంది. అది అలా సాగుతూనే ఉంటుంది.

పక్కనున్న ముసలమ్మ జంతిక నమలడం ఆపి, తలుపు వైపు చూసి, తడిసిన పైట వైపు చూసి, "తొలిచూలా?" అని అడుగుతుంది.

"అవునమ్మా," అంటుంది సువార్తమ్మ.